దోమకాటు వ్యాధులు – ఇంట్లో, ప్రయాణంలో నివారణ

దోమ కుట్టడం ద్వారా మనిషి నుంచి మనిషికి, కొన్ని సందర్భాల్లో పశుపక్ష్యాదుల నుంచి మనిషికి సోకే జబ్బులను దోమకాటు వ్యాధులంటారు. తెలుగునేలకు వీటిలో బాగా పరిచయమున్నవి ఐదు: మలేరియా, డెంగీ, చికున్‌గన్యా, బోదకాలు, మెదడువాపు. మలేరియాకు కారణం కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవి. బోదకాలుకు దారప్పోగులాంటి పురుగు. మిగతా మూడూ వైరస్‌ల వల్ల వస్తాయి. ఎల్లో ఫీవర్, వెస్ట్ నైల్, జికా లాంటివి ఎక్కువగా ఊరు దాటి, దేశం దాటి వెళ్లేవారికి ఎదురయ్యే బెడద. మలేరియా ఒక్కటే 2023లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు ఆరు లక్షల మందిని బలిగొందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలు.

నివారణ అనగానే మనకు గుర్తొచ్చేవి రాత్రి మంచం మీద దోమతెర, తలుపు పక్కన కాయిల్, వీధి చివర మురుక్కాలువ. ఈ మూడూ తప్పు కావు. కానీ డెంగీ దోమ పగలు కుడుతుంది. మురుక్కాలువలో పుట్టదు, మంచినీళ్ల డ్రమ్ములో పుడుతుంది. డెంగీకి భయపడి కాలువలో బ్లీచింగ్ చల్లించుకునే వీధిలో ప్రతి గుమ్మం ముందూ మూత లేని డ్రమ్ము ఉండటం ఇది తెలియకే. ఏ జబ్బును ఏ దోమ మోస్తుందో, అది ఏ నీళ్లలో పుడుతుందో, ఏ వేళ కుడుతుందో తెలియకుండా చేసే నివారణ సగం వృథా.

ఈ పొరపాటు పామరులది మాత్రమే కాదు. సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాద్‌లో మలేరియా మీద పరిశోధన మొదలుపెట్టి రెండేళ్ల పాటు కోసి చూసినవన్నీ మలేరియాతో సంబంధం లేని దోమలే. జ్వర రోగులను వాటి చేత కుట్టించి, పొట్టలు చీల్చి, సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి చూసినా ఏమీ కనిపించలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే జాతి దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగి కాటుకో అణా చొప్పున పుచ్చుకుని వాటికి రక్తమిచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ జీర్ణాశయపు గోడలో రాస్‌కు మలేరియా పరాన్నజీవి నల్లని వర్ణకంతో సహా కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20నే ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరిట ఒక సంస్థ ఉంది. నగరవాసుల్లో దాన్ని చూసినవారు తక్కువే.

మూడు దోమలు, మూడు రకాల నీళ్లు

కుట్టేది ఆడదోమే. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తంలోని ప్రోటీన్ కావాలి. మగదోమ పూలరసంతో సరిపెట్టుకుంటుంది.

మలేరియాను మోసేది అనాఫిలిస్. గోడ మీద వాలినప్పుడు తల కిందికి, వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుంది. చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుంది. పల్లెల్లో వాగులు, కుంటలు, కాలువ ఒడ్డున నిలిచే తేట నీళ్లు దీని పుట్టిల్లు. ఇందులో స్టీఫెన్సీ అనే జాతి మాత్రం పట్నంలో స్థిరపడింది. మిద్దె మీద ట్యాంకులు, పాత బావులు దానికి చాలు. ఆసియాకు చెందిన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించి అక్కడి నగరాలకు కొత్త తలనొప్పి తెచ్చింది.

డెంగీ, చికున్‌గన్యా, జికా, ఎల్లో ఫీవర్ నాలుగింటికీ వాహకం ఏడిస్. నల్లని ఒళ్లు, కాళ్ల మీద తెల్లని పట్టీలు ఉండటంతో టైగర్ దోమ అంటుంటారు. పొద్దు పొడిచాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దు గూకే ముందు దీని జోరెక్కువ. మెడ మీద, మొహం మీద కాకుండా మడమల దగ్గర, బల్ల కింద కాళ్ల మీద కుడుతుంది. కాస్త కదిలితే లేచిపోయి మరొకరి మీద వాలుతుంది. ఒకే పూట రక్తం కోసం ముగ్గురు నలుగురిని కుట్టడం దీనికి మామూలు. ఒకే ఇంట్లో వరసగా అందరూ పడకెక్కడానికి కారణం ఇదే. సాధారణంగా పుట్టిన చోటి నుంచి వంద, రెండొందల మీటర్లకు మించి ఎగరదు. అంటే మనల్ని కుట్టిన ఏడిస్ మనింట్లోదో, పక్కింటిదో అయి ఉంటుంది.

మూడోది క్యూలెక్స్. రాత్రి చెవి దగ్గర సంగీతం పాడేది చాలావరకు ఇదే. దీనిలో ఒక జాతి మురుగునీటిలో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగి బోదకాలును మోస్తుంది. మరో జాతి వరిమళ్లలో పెరిగి, కొంగల్లో, పందుల్లో ఉండే మెదడువాపు వైరస్‌ను మనుషులకు అంటిస్తుంది. వరిపొలాల పక్కన పందుల దొడ్లున్న ఊళ్లలో పిల్లలకు ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఈ గొలుసే.

ఇంట్లో

ఏడిస్ గుడ్లను నీళ్ల మీద పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న పాత్ర గోడకు అంటిస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ము లోపలి అంచును వేలితో తడిమితే మసి పట్టినట్టు నల్లని చుక్కలు తగులుతాయి. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు పోసి ఆ మట్టం తాకగానే పొదుగుతాయి. నీళ్లు ఒంపేసి బోర్లించడంతో పని పూర్తి కాదనేది ఇక్కడే తెలుస్తుంది. గోడలను పీచుతోనో బ్రష్‌తోనో గట్టిగా తోమాలి. గుడ్డు దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి తోమి ఆరబెట్టమనడంలోని లెక్క అదే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఆరోగ్య సిబ్బంది చెప్పే ‘ఫ్రైడే – డ్రైడే’ ఈ లెక్క మీదే పుట్టింది. 2020 వేసవిలో తెలంగాణ పురపాలక శాఖ ఆదివారం పది గంటలకు పది నిమిషాల పాటు ఎవరిల్లు వారు చూసుకోవాలని పిలుపునిచ్చింది. ఏ రోజైనా ఒకటే, వారం తప్పకూడదు.

అనుమానముంటే ఒక మగ్గు నీళ్లు తెల్ల పళ్లెంలోకి వంచి రెండు నిమిషాలు కదపకుండా చూడండి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత అడుగు నుంచి సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ పైకొచ్చి, తోక కొసన ఉన్న గొట్టాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడతాయి. మీ చేతి నీడ పడితే అన్నీ ఒక్కసారిగా కిందికి దూకుతాయి. పళ్లెంలోని నీళ్లు కాలువలో కాక ఎండిన నేల మీద పోయాలి. అక్కడ అవి నిమిషాల్లో చస్తాయి.

ఎక్కడ వెతకాలన్నది ఇంటింటికీ మారుతుంది. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, పూలకుండీల కింది పళ్లేలు అందరికీ తెలిసినవే. తెలియనివి ఇంకొన్ని ఉన్నాయి. మిక్సీ వచ్చాక పెరట్లోకి చేరిన రుబ్బురోలు గుంట, వేసవిలో పిచ్చుకల కోసం పుణ్యానికి పెట్టి మరిచిపోయిన మట్టిమూకుడు, పంక్చర్ షాపు ముందు పేర్చిన టైర్లు, కోనసీమ తోటల్లో దింపు తీశాక పడి ఉండే కొబ్బరి చిప్పలు, సంపు మీద పగిలిన సిమెంటు మూత. కొత్త అపార్టుమెంట్లలో లిఫ్టు గుంతను, శ్లాబు ఆరకుండా కట్టే నీళ్లను ఎవరూ తమవనుకోరు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో డ్రమ్ములు పెట్టుకోవద్దనడం కుదరని మాట. అంచులకు బిగిసే మూత, లేదా పాత పంచె గుడ్డను తాడుతో గట్టిగా కట్టడం అక్కడ పనికొస్తుంది. మూత మీద నిలిచే వాననీళ్లనూ చూసుకోవాలి.

క్యూలెక్స్‌కు వేరే పద్ధతి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం చివర దోమలు దూరని జాలీ కట్టడం పది రూపాయల పని. అది చేసిన ఇళ్లు వీధికి రెండు మూడు కూడా ఉండవు. మురుగు గుంటల్లో మునిసిపాలిటీల వారు వేసే ఆయిల్ బాల్స్ మరో ఉపాయం. రంపపుపొట్టును గుడ్డలో మూటకట్టి, వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వదులుతారు. నీటి మీద పరుచుకున్న నూనె పొర పురుగులకు ఊపిరి అందనివ్వదు. వాడుకలో లేని బావుల్లో గంబూజియా చేపలను వదులుతారు. ఇవి దోమ పిల్లలతో పాటు చిన్న చేపల గుడ్లనూ తినేస్తాయి కాబట్టి చెరువుల్లో, వాగుల్లో వదలడం మంచిది కాదు.

ఫాగింగ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ పొగ ఎగిరే దోమకు తగిలితేనే చంపుతుంది. నీళ్లలోని పురుగును ఏమీ చేయదు. గంట తర్వాత దాని ప్రభావం ఉండదు. పైగా ఏడిస్ మంచాల కింద, బట్టల వెనక దాక్కునే ఇంటి దోమ. పొగ లోపలికి రావాలంటే తలుపులు, కిటికీలు తెరవాలి. బండి చప్పుడు వినగానే మనం చేసేది తలుపులు బిడాయించడం! మా వీధిలోనూ అంతే. వీధిలో పొగ కమ్మగానే పని జరిగిందన్న తృప్తి మాత్రం అందరికీ కలుగుతుంది. డెంగీ కేసులు వచ్చిన చోట చుట్టుపక్కల ఇళ్లలో లోపల మందు కొట్టడానికి, వెంటనే నీటి పాత్రలన్నీ తోమించడానికి దీన్ని తోడుగా వాడితేనే ఫలితం.

ఏజెన్సీలో మలేరియాకు ఇంటి లోపలి గోడలకు మందు పిచికారీ చేస్తారు. రక్తం తాగి బరువెక్కిన అనాఫిలిస్ గోడ మీద విశ్రాంతి తీసుకునే అలవాటు మీద ఈ పద్ధతి నిలబడింది. మందు కొట్టిన కొద్దిరోజులకే పండగ వచ్చి గోడలు అలికినా, సున్నం వేసినా మందు అడుగున పడిపోతుంది. అందుకే అలకడాలు, సున్నాలు ముందే కానివ్వాలి. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో మొదలైన డీడీటీ పిచికారీ కార్యక్రమంతో 1960ల మధ్యకు అది లక్ష కేసులకు దిగింది. దోమలు మందుకు అలవాటు పడి, జాగ్రత్తలు సడలి, 1976లో మళ్లీ అరవై లక్షలు దాటింది. పోయిందనుకున్న జబ్బు తిరిగి రావడం ఈ దేశం ఒకసారి చూసింది.

ఒంటికి, మంచానికి

మందు పట్టించిన దోమతెర మామూలు తెర కన్నా మేలు. చిన్న చిరుగున్నా, నిద్రలో మోచెయ్యి తెరకు ఆనినా దోమ మందుకు తగిలి పడిపోతుంది. ఇవి దాదాపు ఇరవై ఉతుకుల వరకు, మూడేళ్ల వరకు పనిచేస్తాయి. నీడలో ఆరేయాలి, ఎండలో ఆరేస్తే మందు త్వరగా పోతుంది. అంచులు పరుపు కిందికి దోపాలి. ఎండాకాలం వాకిట్లో నులకమంచం వేసుకునేవారికి తెర మరీ ముఖ్యం. పగలు పడుకునే పసిపిల్లలకు డెంగీ నుంచి కూడా ఇదే రక్ష.

ఒంటికి రాసే మందుల్లో డీట్, పికారిడిన్ బాగా పరీక్షకు నిలిచినవి. డీట్ ఇరవై, ముప్పై శాతం ఉన్నది కొన్ని గంటలు పనిచేస్తుంది. మన దుకాణాల్లో దొరికే క్రీముల్లో తరచూ ఉండేది డైఇథైల్ బెంజమైడ్. చెమట పట్టే మన వాతావరణంలో మళ్లీ మళ్లీ రాసుకోవాలి. రెండు నెలల లోపు పసికందులకు ఏదీ రాయకూడదు, వారికి తెరే. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర పూయకూడదు. నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ కూడా పనిచేస్తుంది గానీ మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. వేపాకు పొగ, సాంబ్రాణి దోమలను కాసేపు తరమవచ్చు. అయితే మూసిన గదిలో ఏ పొగ అయినా ఊపిరితిత్తులకు చేటే. ఒక కాయిల్ కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. రిజిస్ట్రేషన్ నంబరు లేని దోమల అగరబత్తుల్లో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే నాథుడు లేడు. చెవికి వినబడని శబ్దంతో దోమలను పారదోలుతామనే యంత్రాలు ఏ పరీక్షలోనూ నిలబడలేదు. ఆ డబ్బుతో కిటికీలకు జాలీ వేయించుకోవచ్చు.

బోదకాలు విషయంలో దోమతో పాటు మనిషి ఒంట్లోని పురుగునూ అదుపు చేయాలి. గోదావరి జిల్లాల డెల్టా ఊళ్లలో తరతరాలుగా ఉన్న జబ్బిది. దీని సూక్ష్మ పురుగులు పగలు లోతు నాళాల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి పది దాటాక టార్చిలైటు పట్టుకుని తలుపు తట్టి వేలి చివర చుక్క రక్తం అడుగుతారు. విసుక్కోకుండా ఇవ్వాలి. జబ్బు లక్షణాలేవీ లేనివారు కూడా ఏడాదికొకసారి ఇంటికొచ్చి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను సిబ్బంది ఎదుటే మింగాలి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. ‘నాకు బోదకాలు లేదుగా, మాత్రెందుకు’ అనేవారి రక్తంలోనే దోమకు పురుగు దొరుకుతుంది. మెదడువాపుకు టీకా ఉంది. జబ్బు ఉన్న జిల్లాల్లో తొమ్మిది నెలలకు ఒకటి, రెండో ఏట మరొకటి ఇస్తారు. కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్ నుంచి హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా 2013లో వచ్చింది.

ప్రయాణంలో

వానాకాలంలో పాడేరు, మారేడుమిల్లి, భద్రాచలం వైపు వెళ్లి రాత్రి బస చేసేవారు మలేరియాను లెక్కలోకి తీసుకోవాలి. అక్కడి ఫాల్సిపేరం రకం మెదడుకెక్కితే ప్రాణాంతకం. గుడారంలో పడుకునేవారికి తెర, పొద్దు వాలగానే పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు ప్యాంటు, సాక్సులు చాలావరకు కాపాడతాయి. బట్టలకు పర్మెత్రిన్ చల్లుకుంటే మరీ మంచిది. దీన్ని చర్మానికి రాయకూడదు. సన్‌స్క్రీన్ వాడేవారు ముందు దాన్ని రాసి, పైన దోమల మందు పూయాలి.

ఆఫ్రికాకు వెళ్లే తెలుగువారు తక్కువేం కాదు. టాంజానియాలో, నైజీరియాలో, కాంగోలో వ్యాపారాలు, కంపెనీ ఉద్యోగాలు, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో సైనికులు. ‘మనకు చిన్నప్పటి నుంచి దోమలు అలవాటేగా’ అన్న ధీమా అక్కడ చెల్లదు. మలేరియాకు వచ్చే పాక్షిక రోగనిరోధకశక్తి కాటు లేని కొన్నేళ్లలోనే కరిగిపోతుంది. ఆ దేశాలకు ముందుజాగ్రత్త మాత్రలుంటాయి. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్‌ను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక వారం వరకు, డాక్సీసైక్లిన్‌ను అలాగే మొదలుపెట్టి నాలుగు వారాల వరకు వాడతారు. మెఫ్లోక్విన్‌ను రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. గర్భిణులకు, పిల్లలకు, మానసిక ఇబ్బందులున్నవారికి ఏది పనికొస్తుందో వైద్యుడే నిర్ణయించాలి. ఇంటికి చేరగానే మాత్రలు మానేయడం చాలామంది చేసే తప్పు. అప్పటికి పరాన్నజీవి కాలేయంలో ఉండి ఉండవచ్చు.

ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే ధ్రువపత్రం చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క మోతాదు జీవితాంతం సరిపోతుందని అంతర్జాతీయ నిబంధన. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పత్రం లేకుండా ఆ దేశాల నుంచి దిగినవారిని మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. కారణం స్పష్టమే. ఇక్కడ ఏడిస్ ఊరంతా ఉంది, ఎల్లో ఫీవర్ వైరస్ లేదు. ఒక్క రోగి చాలు.

డల్లాస్‌లో కొడుకు ఇంటికి వెళ్లి సాయంత్రం పార్కులో నడిచే తల్లిదండ్రులు దోమల బెడద ఇండియాలో వదిలేసి వచ్చామనుకుంటారు. అమెరికాలో తొలిసారి 1999లో న్యూయార్క్‌లో బయటపడిన వెస్ట్ నైల్ 2012లో డల్లాస్ ప్రాంతాన్నే గట్టిగా కుదిపింది. అరవై దాటినవారిలో ఇది మెదడుకు పాకే అవకాశం ఎక్కువ. సాయంత్రం నడకకు ముందు కాళ్లకు దోమల మందు రాసుకోవడం అక్కడా అవసరమే. గర్భం దాల్చాలనుకునే దంపతులు జికా ఉన్న దేశాలకు వెళ్లకపోవడం మంచిది. ఆ వైరస్ లైంగికంగా కూడా సోకుతుంది. అలాంటి చోటికి వెళ్లొచ్చిన పురుషుడు మూడు నెలలు, స్త్రీ రెండు నెలలు ఆగాలి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో వైద్యుడికి అడగకముందే చెప్పాలి. డెంగీ పొదిగే కాలం నాలుగు నుంచి పది రోజులు, మహా అయితే పద్నాలుగు. రెండు వారాలు దాటాక మొదలైన జ్వరానికి ఆ ఊరి డెంగీ కారణం కాకపోవచ్చు గానీ మలేరియా కావచ్చు. వైవాక్స్ రకం కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి లేస్తుంది. అందుకే పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ కోర్సును, రక్తపరీక్షలో జీ6పీడీ లోపం లేదని తేలాక, మధ్యలో మానకుండా వాడాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్ మాత్రమే వాడాలి.

జ్వరం వచ్చిన మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి, కానీ చాలా ఇళ్లలో అది జరగదు. డెంగీ రోగి రక్తంలో వైరస్ తొలి అయిదారు రోజులు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో మంచం కింద తిరిగే ఏడిస్ ఒక్కసారి కుడితే చాలు, దానికి వైరస్ అంటుకుంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో అది దోమ లాలాజలంలోకి చేరుతుంది. అప్పటికి రోగికి జ్వరం తగ్గి, పెట్టిన తెర కూడా మడిచి అటక మీదికి ఎక్కించేసి ఉంటారు.